తీసేశారా, పోయిందా, మానేశావా?

రిచర్డ్ సెనెట్ అనే అమెరికన్ సామాజికశాస్త్రవేత్త 1998లో 'ది కరోజన్ ఆఫ్ క్యారెక్టర్' అని ఒక చిన్న పుస్తకం వేశాడు. కొత్తరకం ఉద్యోగాలు మనిషి స్వభావాన్ని ఎలా తుప్పు పట్టిస్తాయన్నది విషయం. అదే ఏడాది నవంబర్‌లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. ఈ రెంటికీ ఒకదాని సంగతి ఒకదానికి తెలీదు. కానీ ఇవాళ ఆ భవనం చుట్టుపక్కల పనిచేసే ఎవరైనా ఆ పుస్తకంలో ఏడో అధ్యాయం చదివితే, తమ గురించి ఎవరో ముందే రాసిపెట్టారని అనుకుంటారు. మొదటిసారి చదివినప్పుడు నాకూ అలాగే అనిపించింది. రెండోసారి చదివినప్పుడు ఆ అధ్యాయంలో ఏం లేదో కూడా కనిపించింది.

ఆ అధ్యాయం పేరు 'వైఫల్యం'. న్యూయార్క్ రాష్ట్రంలో, ఐబీఎం ఆఫీసులకి దగ్గర్లో, ఒక మామూలు బర్గర్ హోటల్. ఐదారుగురు మధ్యవయసు మగవాళ్ళు అక్కడికి వస్తారు. తెల్లచొక్కా, ముదురు రంగు టై. మీటింగులో ఉన్నట్టే బుద్ధిగా కాఫీ ముందు పెట్టుకుని కూర్చుంటారు. అందరూ మెయిన్‌ఫ్రేమ్ ప్రోగ్రామర్లు, సిస్టమ్స్ అనలిస్టులు. ఐబీఎంలో చేరితే రిటైరయ్యేదాకా ఢోకా లేదన్న నమ్మకంతో బతికినవాళ్ళు. తొంభైల మొదట్లో కంపెనీ ఆ నమ్మకాన్ని మూటగట్టి అవతల పారేసింది. సెనెట్ వాళ్ళకి ఇరుగుపొరుగువాడు. వాళ్ళని ఓదార్చడు, సలహాలు చెప్పడు. ఉద్యోగం ఊడిన సంగతిని వాళ్ళు తమకి తాము ఎలా కథగా చెప్పుకుంటున్నారో, ఆ కథ ఎలా మారుతూ వస్తోందో వింటూ ఉంటాడు. అతనిలో నాకు నచ్చింది ఆ వినడమే.

ఆ కథ మూడుసార్లు మారుతుంది. మొదట్లో వాళ్ళు మోసం గురించి మాట్లాడతారు. కంపెనీ మమ్మల్ని నమ్మించింది, పైవాళ్ళు ముందే అంతా అనుకుని మాకు చెప్పలేదు అంటారు. ఈ కథ ఎక్కువ రోజులు నిలబడదు, ఎందుకంటే ఆ పైవాళ్ళలో కూడా చాలామంది ఊడిపోయారు. రెండో కథలో నేరం ప్రపంచానిది. గ్లోబల్ ఎకానమీ, పరాయి దేశాలకి పని పంపించడం, తక్కువ జీతానికి కోడ్ రాసే ఇండియన్లు. ఇదీ నిలబడదు. ఎంతైనా వాళ్ళు వృత్తి తెలిసినవాళ్ళు. ఎక్కడ కూర్చుని రాసినా మంచి కోడ్ మంచి కోడే అని ఒప్పుకోక తప్పలేదు. చివరికి మూడో కథ: మనమే ముందు మేలుకోవాల్సింది, మెయిన్‌ఫ్రేమ్ పట్టుకుని వేలాడకుండా పర్సనల్ కంప్యూటర్ల వైపు వెళ్ళాల్సింది, ధైర్యం చెయ్యాల్సింది. ఇక్కడికి వచ్చాక వాళ్ళ గొంతు కుదుటపడుతుంది. ఇన్నాళ్ళూ తమకి జరిగినదాన్ని ఇప్పుడు తాము చేసినదానిగా చెప్పుకోగలుగుతున్నారు కాబట్టి.

ఈ మూడు దశల్నీ తెలుగులోకి తెచ్చుకోవడానికి మూడు క్రియలు చాలు. తీసేశారు. పోయింది. మానేశాను.

'తీసేశారు' అన్నప్పుడు కర్త ఉన్నాడు, పేరు చెప్పకపోయినా బహువచనంలో నిలబడి ఉన్నాడు. 'పోయింది' అన్నప్పుడు కర్త ఉద్యోగమే. గొడుగు పోయినట్టు, కరెంటు పోయినట్టు, అదే పోయింది, ఎవరి చెయ్యీ లేదు. 'మానేశాను' అన్నప్పుడు కర్తని నేనే. వాక్యం మారిన ప్రతిసారీ నేరం ఒక చోటినుంచి ఇంకో చోటికి జరుగుతుంది. సెనెట్ ఓ అధ్యాయం పెట్టి చెప్పిన సంగతిని, చుట్టాల పెళ్ళిలో "ఏం బాబూ, తీసేశారా?" అని అడిగే పెదనాన్నా, "పోయిందంటగా?" అనే పిన్నీ ఒక్క ముక్కలో చెప్పేస్తారు. ఆ ప్రశ్నల్లో పిన్ని ప్రశ్న ఎందుకు కాస్త మెత్తగా తగులుతుందో ఇప్పుడు అర్థమవుతోంది. అందులో ఎవరి తప్పూ లేదు.

నా పేచీ ఆ మూడో దశతో. సెనెట్ దృష్టిలో అది చేరుకోవాల్సిన చోటు. కోపం, అనుమానం దాటుకుని, నానా తిప్పలూ పడి మనిషి అక్కడికి వస్తాడు. అక్కడికి వచ్చాక కూడా వాళ్ళు ఊరి వ్యవహారాల్లోంచి తప్పుకుని లోపలికి ముడుచుకుపోయారని అతను గమనించకపోలేదు. అయినా ఆ కథ చెప్పుకోవడంలో ఒక మాన్పు ఉందని నమ్ముతాడు. మన దగ్గర ఆ మూడో కథ మనిషి కష్టపడి చేరుకునేది కాదు. మొదటిరోజే చేతిలో పెడతారు.

చెయ్యడం కూడా చాలా శుభ్రంగా చేస్తారు. ఇక్కడి కంపెనీల్లో చాలాసార్లు 'తీసెయ్యడం' కాగితం మీద జరగదు. ఒక గదిలోకి పిలిచి, నువ్వే రాజీనామా చేస్తే రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్ సాఫీగా వస్తాయి, రేపు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఇబ్బంది ఉండదు అంటారు. నేను పనిచేసిన ఒక చోట ఒకే వారంలో ముగ్గురు వెళ్ళిపోయారు. ముగ్గురి వీడ్కోలు మెయిళ్ళలోనూ కొత్త అవకాశాల కోసం వెళ్తున్నామనే ఉంది. ముగ్గురికీ చేతిలో ఏ అవకాశమూ లేదని ఆ ఫ్లోర్‌లో అందరికీ తెలుసు. 'మానేశాను' అన్నది వాళ్ళు తేల్చుకున్న నిజం కాదు, సంతకం పెట్టిన షరతు.

మనం రోజూ వాడే 'లేఆఫ్' మాటకే చూడండి ఏమైందో. 2025 దాకా అమల్లో ఉన్న 1947 నాటి మన పారిశ్రామిక వివాదాల చట్టంలో ఆ మాటకి అర్థం వేరుగా ఉండేది. బొగ్గు లేకో, కరెంటు లేకో, ముడిసరుకు లేకో తాత్కాలికంగా పని ఇవ్వలేకపోవడం. పేరు మస్టర్‌లోనే ఉండేది. శాశ్వతంగా తీసెయ్యడానికి ఆ చట్టం పెట్టుకున్న మాట 'రిట్రెంచ్‌మెంట్'. దానికి నోటీసు, సర్వీసు లెక్కన పరిహారం, ఇంకా కొన్ని నియమాలు. మన నోళ్ళలో మాత్రం మళ్ళీ పిలుస్తారన్న ఆశ ఉన్న పాత మాటే, పిలవని పనికి స్థిరపడింది.

ఇక ఉద్యోగం వెతుక్కోవడం. అది రెజ్యూమెల సంగతి అని అనుకుంటాం గానీ, నాకు అది ఒక కథన సమస్య. "మీ గురించి చెప్పండి" అని మొదలెడతారు. "అక్కడ ఎందుకు మానేశారు?" అని అడుగుతారు, క్రియ వాళ్ళే ఎంచి పెడతారు. "ఈ నాలుగు నెలల గ్యాప్ ఏంటి?" అంటారు. గ్యాప్‌లో నువ్వు ఏడ్చావనో, పగలు నిద్రపోయి రాత్రి మేలుకున్నావనో చెప్పడానికి లేదు. క్లౌడ్ సర్టిఫికేషన్ చేశాను అనాలి. లింక్డిన్‌లో ఆకుపచ్చ చక్రం తగిలించుకుని, తీసేసిన కంపెనీకే కృతజ్ఞతలు చెబుతూ రాసే పోస్టులు చూసి చాలామంది నవ్వుతారు. నాకు నవ్వు రాదు. ఆ పోస్టు చదవబోయేది ఎవరు? రేపటి రిక్రూటర్. తన దుఃఖానికి పాఠకుడు తన కాబోయే యజమానే అయినప్పుడు, ఎవరైనా ఇంకెలా రాస్తారు? అందులో కోపం లేకపోవడం రాసినవాడి లోపం కాదు. ఆ ప్రక్రియలో కోపానికి చోటు లేదు.

ఈ విషయంలో సెనెట్ కన్నా బార్బరా ఎరెన్‌రైక్ ముందుకు వెళ్ళింది. 'బెయిట్ అండ్ స్విచ్' అని 2005లో వచ్చిన పుస్తకం కోసం ఆమె పేరు మార్చుకుని, రెజ్యూమె కల్పించుకుని, కార్పొరేట్ ఉద్యోగం కోసం నెలల తరబడి తిరిగింది. కెరీర్ కోచ్‌లు, వ్యక్తిత్వ పరీక్షలు, నెట్‌వర్కింగ్ సభలు. అనుకున్న ఉద్యోగం రాలేదు. ఆమె చూసిందేమిటంటే, నిరుద్యోగుల చుట్టూ అల్లుకున్న వ్యాపారమంతా నేర్పేది ఒకటే పాఠం: లోపం నీలోనే ఉంది, నవ్వు ముఖం పెట్టు. సెనెట్‌కి మాన్పుగా కనిపించిన మూడో కథ, ఆమె పుస్తకంలో డబ్బు కట్టి కొనుక్కునే సరుకు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ వేలాడే కోర్సుల బ్యానర్లు చూసినవాళ్ళకి ఇది వేరే విప్పి చెప్పక్కర్లేదు.

సెనెట్ పుస్తకంలో మరో ఖాళీ ఉంది. ఆ కాఫీ బల్ల దగ్గర ఇండియన్ ప్రస్తావన వస్తుంది, ఇండియన్ రాడు. అప్పట్లో వాళ్ళ రెండో కథలో విలన్‌గా ఉన్నవాడికి ఇప్పుడు అదే బల్ల దగ్గర కుర్చీ వేశారు. 2025 జూలైలో టీసీఎస్ సుమారు 12 వేల మందిని, అంటే తన సిబ్బందిలో రెండు శాతాన్ని, తగ్గిస్తానని ప్రకటించింది. ఎక్కువగా మధ్య, పై స్థాయుల వాళ్ళనే. నలభై దాటినవాళ్ళు, ఒకే కంపెనీలో జుట్టు నెరిసినవాళ్ళు, ఆ తెల్లచొక్కాల వాళ్ళ వయసు వాళ్ళు. మరి మన రెండో కథలో విలన్ ఎవరు? సగం జీతానికి దొరికే ఫ్రెషర్, ఏఐ, రిఫరల్ లాబీ, ఫలానా రాష్ట్రం వాళ్ళు. టీ బండి దగ్గర పది నిమిషాలు నిలబడితే మొత్తం జాబితా వినపడుతుంది. అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్న మనవాళ్ళకైతే ఆ జాబితా చదివే తీరిక కూడా లేదు. ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజులు. ఆ లోపు ఇంకో కంపెనీ దొరకాలి, లేదా మరో దారి చూసుకోవాలి, లేదా పిల్లల స్కూలు మధ్యలో మాన్పించి సామాన్లు సర్దుకోవాలి. సెనెట్ పొరుగువాళ్ళు కాఫీలు చల్లారేదాకా కూర్చోగలిగారు. మూడు కథలు చెప్పుకోవడానికి కూడా కొంత ఆస్తి ఉండాలి.

పుస్తకంలో చివరి అధ్యాయం 'మనం' అనే సర్వనామం గురించి. అది ప్రమాదకరమైన సర్వనామం అంటాడు సెనెట్. దెబ్బ తిన్నవాళ్ళు ఆ మాటని బయటివాళ్ళ మీద గోడలా వాడతారని అతని భయం. ఇంగ్లీషులో ఆ మాట ఒక్కటే కాబట్టి అతనికి అంత వివరణ కావాల్సి వచ్చింది. మనకి రెండున్నాయి. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, బయట నిలబెడితే మేము. టౌన్‌హాల్ మీటింగులో మనమంతా ఒక కుటుంబం అంటారు. తీసేసే మెయిల్‌లో మేము కఠినమైన నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది అంటారు. ఇంగ్లీషులో రెండు చోట్లా ఒకే మాట, అతుకు కనపడదు. తెలుగులో చెప్పుకోండి, మనం ఎక్కడ మేముగా మారిందో వేలు పెట్టి చూపించొచ్చు. ఇంత పదునైన పనిముట్టు చేతిలో ఉండీ మన కథలు దీన్ని పెద్దగా వాడుకోలేదన్నది నా అసలు ఫిర్యాదు.

నేను చదివినంతలో తెలుగు కథకి సాఫ్ట్‌వేర్ మనిషి కొత్తవాడు కాదు. ఊళ్ళో తల్లిదండ్రుల్ని ఒంటరిగా వదిలేసినవాడుగా, వీకెండ్ తప్ప జీవితం లేనివాడుగా, డబ్బుతో పాటు అహంకారం వచ్చినవాడుగా చాలాసార్లు కనిపిస్తాడు. అంటే అతను మన కథలో ఎక్కువగా నిందితుడు. జీతం ఉన్నంతకాలమే కథలో ఉంటాడు. ఉద్యోగం ఊడాక, ఇంట్లో చెప్పకుండా పొద్దున్నే బ్యాగు తగిలించుకుని బయటికెళ్ళేవాడు, ఇరవై ఏళ్ళ హోమ్‌లోన్‌లో నాలుగేళ్ళే కట్టినవాడు, పెళ్ళిచూపులు ఆగిపోయిన అమ్మాయి, మెటర్నిటీ లీవు నుంచి తిరిగొచ్చేసరికి తన టీమే లేని ఇల్లాలు, వీళ్ళు చాలా అరుదు. 1981లో బాలచందర్ 'ఆకలి రాజ్యం' తీసినప్పుడు నిరుద్యోగికి ఢిల్లీ గది ఉంది, ఆకలి ఉంది, నోట్లో శ్రీశ్రీ ఉన్నాడు, చివరికి మంగలి కత్తి పట్టుకునే ఆత్మగౌరవం ఉంది. అతనికి ఉద్యోగం రాలేదు, అది వ్యవస్థ నేరమని ప్రేక్షకుడికి అనుమానం లేదు. వచ్చి, ఊడినవాడికి ఆ నిశ్చయం దక్కలేదు. సంపాదించినప్పుడు లోకం ఈర్ష్యపడింది కాబట్టి, పోయినప్పుడు జాలి అడిగే హక్కు లేదని అతనే అనుకుంటాడు.

సెనెట్ ఇచ్చిన మంచి సలహా ఏదైనా ఉంటే అది చెవి ఒగ్గడం. అతను పరిష్కారం చెప్పలేదు, ఆ బల్ల దగ్గరికి పోయి కూర్చున్నాడు. కథ రాసేవాళ్ళు చేయగలిగింది కూడా అంతకన్నా తక్కువేం కాదు. ఇంటర్వ్యూలో 'మానేశాను' అనాలి, తప్పదు. చుట్టాల దగ్గర 'పోయింది' అనుకోవచ్చు. కానీ 'తీసేశారు' అని పూర్తి వాక్యంగా, కర్తతో సహా, రిక్రూటర్ చదువుతాడన్న భయం లేకుండా అనగలిగే చోటు ఒక్కటైనా ఉండాలి. ఆ వాక్యం దగ్గర ఆగిపోకూడదు, నిజమే. అసలు అక్కడ మొదలుపెట్టకుండా తర్వాతి వాక్యానికి వెళ్ళిపోతే, ఆ వాక్యం మనం రాసింది కాదు, మన చేత రాయించింది.