లెక్కకు రాని నామములు

మొన్న మా యింటి బాలిక యింగ్లీషు పరీక్షలో 'ఫర్నిచర్' లెక్కింపదగిన నామమని వ్రాసి మార్కులు పోగొట్టుకొని వచ్చినది. "కుర్చీలు లెక్కకు రావా, తాతయ్యా?" అని యడిగినది. పాఠ్యపుస్తకము తెప్పించి చూచితిని. లెక్కింప వీలుకాని వస్తువుల పేళ్లే లెక్కింపరాని నామములని యందున్నది. పాపము, బాలిక యా నిర్వచనమును నమ్మి చెడినది.

ఈ భేదము మాటలది గాని వస్తువులది కాదు. గోధుమలకు 'వీట్' అని యేకవచనము. 'ఓట్స్' అను ధాన్యమునకో బహువచనము. రెండును గింజలే కదా! పూర్వము బఠాణీకి 'పీజ్' అను నేకవచన రూపముండెడిది. దాని తుదిధ్వనిని బహువచన ప్రత్యయముగా భ్రమించి, 17వ శతాబ్దమున జనులు 'పీ' అను క్రొత్త యేకవచనమును కల్పించుకొనిరి. గింజ యెప్పటిదే, లెక్కకు వచ్చినది మాట. మన భాషలో నీళ్లు, పాలు నిత్యబహువచనములు. వానినెవరైన నెంచి చూచిరా? ఇంగ్లీషున 'వాటర్', 'మిల్క్' ఏకవచనములు.

డెన్మార్కు పండితుడు యెస్పర్సన్ 1924లో వెలువరించిన 'ఫిలాసఫీ ఆఫ్ గ్రామర్'లో నిట్టి నామములను 'మాస్ వర్డ్స్' అనెను. మాటకు సంబంధించిన భేదమని యా పేరే తెలుపుచున్నది. పాఠ్యపుస్తకకర్తలు దీనిని గైకొనిన బాగుండును.

బాలిక మరల వచ్చి, తలవెండ్రుకల మాటేమనినది. 'హెయిర్' సామాన్యముగా లెక్కింపరానిదే. అయినను పాయసములో నొకటి కనబడినచో నాంగ్లేయుడును 'ఎ హెయిర్' అనియే యనును.