నీలి వివాదంలో మూడు మాటలు

ఆంగ్లంలోని కఠినపదాలు వంటబట్టాలంటే వాటి పుట్టుక తెలుసుకోవాలని పెద్దలు చెబుతారు. నిజమే, నాలుగు లాటిన్ ధాతువులు తెలిసినవానికి నలభై మాటలు చిక్కుతాయి. అయితే పుట్టుక తెలిసినంతలో అర్థం చేజిక్కదు. మన పందికొక్కు ఆంగ్లంలో 'బాండికూట్' అయింది; ఆస్ట్రేలియాలో ఆ పేరు ఎలుకజాతికి చెందని ఒక సంచిజంతువుకు పోయింది.

కలకత్తాలోని భవానీపూర్‌లో ఒక వీధికి హరీశచంద్ర ముఖర్జీ పేరు ఉన్నది. 1824లో పుట్టిన ఆయన పేదరికంవల్ల త్వరగా బడి మానుకొన్నాడు. సైనిక లెక్కల కచేరీలో గుమాస్తాగా పనిచేస్తూ స్వయంకృషితో ఆంగ్లం సాధించాడు. 'హిందూ పేట్రియట్' సంపాదకుడై, నీలిమందు దొరల దౌర్జన్యాన్ని వారి భాషలోనే ఎండగట్టాడు. 1860లో నీలి విచారణ సంఘం ఎదుట సాక్ష్యమిచ్చి, మరుసటి ఏడు కన్నుమూశాడు. ఆ వివాదాన్ని తెలిగించబూనిన వారికి అడుగడుగునా ఎదురయ్యే మాటలు మూడు: ఇండిగో, అడ్వాన్స్, రయట్.

'ఇండిగో' కథ చిన్నది. గ్రీకుల 'ఇండికోన్', అనగా హిందూదేశపు సరుకు, దానికి మూలం.

'అడ్వాన్స్' చూడడానికి సులభమైన మాట. ఫ్రెంచి 'అవాన్సే' దీని మాతృక. దానికి వెనుక లాటిన్‌లో 'ముందునుండి' అనే అర్థం గల పదం ఉన్నది. నడుమ వినిపించే డకారం అసలు అక్కడిది కాదు! 'అడ్' అనే ఉపసర్గ ఉన్నదని భ్రమించిన పండితులు దానిని చొప్పించారు. నిరుక్తం తెలిసినవారే మాటను చెడగొట్టిన ఉదంతం ఇది. ఇంత తెలిసినా వంగదేశపు పల్లెలో ఆ మాట బరువు తెలియదు. అక్కడ అది 'దాదన్': దొర ముందుగా చేతిలో పెట్టే సొమ్ము. పుచ్చుకొన్నవాడు వరి పండవలసిన నేలలో నీలి నాటాలి. బాకీ తీరేది కాదు, తండ్రినుండి కొడుకుకు దిగేది. దీనిని 'బయానా' అని తెలిగిస్తే బేరం కనబడుతుంది, బలవంతం కనబడదు.

'రయట్' మరింత చిక్కు. అరబ్బీలో 'మేపు' అనే ధాతువునుండి పుట్టి, మందకు, ఆపైన ఏలికకింది ప్రజకు పేరైంది. హిందీ 'రైయత్'లో ఆ ప్రజ అనే అర్థం నేటికీ ఉన్నది. సేద్యగానిని హిందీవారు 'కిసాన్' అంటారు. మన 'రైతు' ఆ పదమే అయినా మంద వాసన పూర్తిగా వదలుకొని గౌరవవాచకమైంది. రైత్వారీ సీమలలో సర్కారుకు నేరుగా శిస్తు కట్టినవాడు రైతు. వంగదేశపు రయట్ జమీందారుకో, అతని హక్కులు కొన్న దొరకో లోబడినవాడు. 1802 తరువాత ఉత్తర సర్కారుల జమీందారీలలో మనవారికీ ఆ స్థితి తెలుసును, కాని 1948నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత పుట్టిన పాఠకునికి 'రైతు' అనగానే మనసులో మెదిలేది సొంత పొలం. కోశంలో ఒకే మూలం కనబడినందుకు రెండింటినీ సమానం చేయడం అనువాదకుని సోమరితనం. ఇటువంటి రచనలో నేనైతే మొదటిసారి 'జమీందారుకో, నీలి దొరకో లోబడిన సాగుదారు' అని విప్పి చెప్పి, ఆ తరువాతనే 'రైతు' అని వ్రాస్తాను.