అదే బుస్సు, సగం మందు

చీటీలో స్టెరాయిడ్ మోతాదు 250 మైక్రోగ్రాములు పోయి 125 వచ్చిన రోజున ఉబ్బసం ఉన్నవాళ్లు కొత్త ఇన్‌హేలర్‌ను పాతదాని పక్కన పెట్టి చూసుకోవడం సహజం. నొక్కితే అదే బుస్సు, నాలుక మీద అదే చల్లదనం. ఇందులో నిజంగానే మందు తగ్గిందా అని అనుమానం. తగ్గింది. తగ్గిన సంగతి చేతికీ నోటికీ తెలియనివ్వకపోవడమే ఆ డబ్బా చేసినవాళ్ల పనితనం.

డబ్బా లోపల ఒత్తిడికి ద్రవంగా మారిన వాయువు ఉంటుంది. స్టెరాయిడ్ సన్నటి పొడి అందులో తేలుతుంటుంది. మూతి దగ్గర ఒక చిన్న గది. అందులో పట్టేది మిల్లీలీటరులో పదో వంతు కూడా కాదు. నొక్కగానే గదికి డబ్బా వైపు దారి మూసుకుని బయటి దారి తెరుచుకుంటుంది. వేలు తీయగానే బయటి దారి మూసుకుని గది మళ్లీ నిండుతుంది. గట్టిగా నొక్కినా, నొక్కి పట్టుకున్నా వచ్చేది గదిలో ఉన్నంతే. మోతాదు తగ్గించడానికి ఆ గదిని చిన్నది చేయరు, ద్రవంలో కలిపే స్టెరాయిడ్ పాళ్లు తగ్గిస్తారు. సాల్మెటెరాల్, ఫ్లూటికాసోన్ కలిసి ఉన్న ఇన్‌హేలర్లలో ఈ నేర్పు ఇంకా బాగా కనిపిస్తుంది. 250 డబ్బాలోనూ 125 డబ్బాలోనూ ఒక్కో పఫ్‌కు శ్వాసనాళాలను వదులు చేసే సాల్మెటెరాల్ 25 మైక్రోగ్రాములే. లోపలి వాపును అణిచే ఫ్లూటికాసోన్ మాత్రమే సగమవుతుంది.

కొలిచి వదిలే ఈ పద్ధతి 1956లో అమెరికాలో రైకర్ లేబొరేటరీస్ తెచ్చిన మెడీహేలర్‌తో ఉబ్బసానికి అందింది. పీల్చే స్టెరాయిడ్‌గా బెక్లోమెథాసోన్ వచ్చింది మాత్రం 1972లో, బ్రిటన్‌లో. అంతకుముందు వాపు తగ్గాలంటే ఎక్కువగా మిల్లీగ్రాముల లెక్కన స్టెరాయిడ్ మాత్రలు మింగాల్సి వచ్చేది. ముఖం ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం వాటితో వచ్చేవి. లెక్క మైక్రోగ్రాములకు దిగింది ఆ తర్వాతే.

ఇంత కొలతా చేతిలో చెడిపోవచ్చు. పొడి ద్రవంలో కరగదు కాబట్టి నిలవ ఉంటే విడిపోతుంది. ఊపకుండా నొక్కడం, కలపకుండా పైతేట చారు వడ్డించడం లాంటిదే. పఫ్ వేగానికి చాలా మందు గొంతుకే కొట్టుకుంటుంది. అందుకే ఇన్‌హేలర్‌కు తగిలించే స్పేసర్. అంత ఖాళీ ప్లాస్టిక్ గొట్టం అంత పని చేస్తుందంటే చాలామంది నమ్మరు. నా లెక్కలో ఈ సామగ్రిలో అన్యాయంగా అల్మరా పాలైనది అదే. పెద్ద బిందువులు దాని గోడలకే ఆగిపోతాయి, సన్నవి ఊపిరితిత్తులకు చేరతాయి. పుక్కిలించి ఉమ్మడం ఎలాగూ ఉంది. మోతాదు తగ్గాక సగం మందు సక్రమంగా పీలిస్తే సరిపోవచ్చు, సగంలో సగం గొంతులో పోతే సరిపోదు.

తగ్గించడంలో డాక్టరు పనితనం వేరు. సుమారు మూడు నెలలు ఆయాసం, పిల్లికూతలు అదుపులో ఉంటేనే మొదలుపెడతారు. ఒక్కసారికి పావు వంతు నుంచి సగం దాకా తగ్గించి, మళ్లీ రెండు మూడు నెలలు చూస్తారు. జలుబు ఉన్నప్పుడు, ప్రయాణాల ముందు, గర్భంతో ఉన్నప్పుడు ఆ పని పెట్టుకోరు. పీల్చే స్టెరాయిడ్ చేసే మేలులో ఎక్కువ భాగం తక్కువ మోతాదులోనే దొరుకుతుంది. పైకి పోయేకొద్దీ మేలు కొంచెమే పెరుగుతుంది, గొంతు బొంగురు, నోటిలో తెల్లపూత లాంటివి ఎక్కువవుతాయి. తగ్గించడానికి ధైర్యం అక్కడిదే.

అయితే వాపు వెంటనే తిరగబడదు. అణిగిన వాపు మళ్లీ లేవడానికి వారాలు పట్టవచ్చు కాబట్టి మొదటి పది రోజులు బాగున్నాయంటే ఏమీ తేలినట్టు కాదు. "బాగానే ఉంది కదా" అని పూర్తిగా మానేసేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. తెల్లవారుజామున దగ్గుతో మెలకువ రావడం, మెట్లెక్కితే ఛాతీ బిగుసుకోవడం, ఎగశ్వాసకు వాడే ఇన్‌హేలర్ కోసం చెయ్యి తరచుగా వెళ్లడం వాపు మళ్లీ లేస్తోందనడానికి తొలి గుర్తులు. ఊదే గాలి వేగాన్ని కొలిచే పీక్ ఫ్లో మీటరు ఉంటే రోజూ ఒకే వేళ ఊది రాసుకున్న అంకెలు జారడం కూడా. మోతాదు తగ్గించేటప్పుడే, ఇలా జరిగితే ఎంతకు తిరిగి వెళ్లాలో డాక్టరు చేత రాయించుకోవాలి. ఆ కాగితం ఉంటే పాత మోతాదుకు వెనక్కి వెళ్లడాన్ని ఓటమిగా ఎవరూ లెక్కపెట్టుకోరు. అంతా కుదురుగా ఉంటే ఇంకో మెట్టు దిగుతారు. పెద్దవాళ్లలో స్టెరాయిడ్‌ను పూర్తిగా తీసేయడానికి మాత్రం సాధారణంగా ఒప్పుకోరు.