చంద్రునిపై స్వయంపోషక నివాసం: ఒక విమర్శ

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుని దక్షిణ ధ్రువానికి చేరువలో దిగింది. ఆ నౌక బయలుదేరినది మన శ్రీహరికోట నుంచే. 2040 నాటికి భారతీయుని చంద్రునిపైకి పంపాలన్న లక్ష్యం కూడ ప్రకటితమైనది. నేటి తొమ్మిదవ తరగతి విద్యార్థి అప్పటికి ముప్పయి ఏళ్ళకు దగ్గరపడుతాడు. ఆ పనిలో అతనికీ పాలు వుండవచ్చును. కనుక పాఠశాల విజ్ఞాన ప్రదర్శనలలో కనిపించే 'చంద్రునిపై ఊరు' నమూనాలను ఆటబొమ్మలుగా తీసివేయరాదు. అట్టతో చేసిన గుమ్మటం, లోపల పచ్చని మొక్కలు, పక్కన సౌరఫలకాలు, కింద 'స్వయంపోషక నివాసం' అన్న పేరు. ఈ పేరు ఎంతవరకు నిజమో పరిశీలించుదాం.

ఇటువంటి బొమ్మలలో పేరుపొందినది 2013లో ఐరోపా అంతరిక్ష సంస్థ, ఫాస్టర్ వాస్తుశిల్పులు కలిసి ప్రకటించినది. గాలితో ఉబ్బే గుమ్మటాన్ని నిలిపి, దానిపై చంద్రుని మట్టితోనే త్రీడీ ముద్రణ యంత్రం చేత పెంకు కట్టించడం అందలి ఆలోచన. నివసించేవారు నలుగురు. కృత్రిమంగా తయారుచేసిన చంద్రమృత్తికతో ఒకటిన్నర టన్నుల దిమ్మను పోసి చూపించారు కూడ. గోడ విషయంలో ఈ ఆలోచన మెచ్చదగినదే. చంద్రయాన్-3లోని ఉష్ణమాపకం పైమట్టిలో సుమారు 50 డిగ్రీల సెంటిగ్రేడు చూపగా, ఎనిమిది సెంటీమీటర్ల లోతున సున్నకు దిగువ 10 డిగ్రీలు చూపింది. ఆ మట్టి వేడిని ఎంతగా అడ్డగిస్తుందో దీనివల్ల తెలుస్తున్నది. ఉల్కాశకలాలనుండి, విశ్వకిరణాలనుండి కూడ అది కాపాడగలదు.

అయితే గోడ నిలిచినంత మాత్రాన సంసారం సాగదు గదా! ఇల్లు స్వయంపోషకమని అనాలంటే గాలి, నీరు, తిండి మూడింటి జమాఖర్చు చూడాలి. ఆమ్లజని, అనగా ప్రాణవాయువు, చంద్రుని మట్టి బరువులో నూటికి 40 పాళ్ళకు పైగా వున్నది. శక్తి వ్యయంచేస్తే దానిని విడదీయవచ్చును. ధ్రువాలవద్ద మంచు వున్నది. చిక్కంతా నత్రజనితోనే. అక్కడి మట్టిలో అది పదిలక్షల పాళ్ళకు సుమారు నూరు పాళ్ళు మాత్రమే. 2009లో ఎల్‌క్రాస్ ప్రయోగం ధ్రువపు నీడగోతిలో అమ్మోనియా ఆనవాళ్ళు చూపినా, అది ఎంత వున్నదో, ఎలా తీయాలో ఇంకా తేలవలసే వున్నది.

రాయవరం రైతుకు తెలిసిన కొలతతో చెప్పుకుందాం. ఒక మనిషికి రోజుకు 60 గ్రాముల మాంసకృత్తులు కావాలంటే, అందులో నత్రజని పది గ్రాములకు కొంచెం తక్కువ. నలుగురికి ఏడాదికి సుమారు 14 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో వుండే నత్రజని 20 కిలోలకు పైమాటే. అంటే నలుగురి ఏడాది తిండిలోని నత్రజని ఒక బస్తాకు లోపే! ఇంత కొంచెమైనప్పుడు చింత దేనికి? చింత నష్టాన్ని గురించి. మన చేలలో వేసిన నత్రజనిలో సగానికన్న తక్కువే సాధారణంగా వరి పైరుకు అందుతుంది. మిగిలినది నీటిలోనో గాలిలోనో కలుస్తుంది. అయినా మరొక బస్తా తెచ్చుకుంటాము. చంద్రునిపై అంగడి లేదు.

భూమిమీది గాలివంటి గాలినే గుమ్మటంలో నింపితే, ఒక ఘనమీటరులో సుమారు 0.9 కిలో నత్రజని వుంటుంది. మనుషులు బయటికి వెళ్ళిన ప్రతిసారీ రెండు తలుపుల నడిమి గదినుంచి ఒక ఘనమీటరు గాలి జారిపోయిందనుకోండి. పదహారు సార్లకే ఏడాది తిండికి సరిపోయే నత్రజని శూన్యంలో కలిసిపోతుంది. బొమ్మలో ఆ తలుపు వున్నది, ఈ ఖర్చు లేదు.

లెక్కలో చేర్చని వస్తువు ఎంత పని చేయగలదో అమెరికాలోని అరిజోనాలో తేలింది. 1991 నుండి 1993 వరకు ఎనిమిదిమంది 'బయోస్ఫియర్-2' అనే అద్దాలమేడలో మూసుకొని జీవించారు. ఆమ్లజని నూటికి 20.9 పాళ్ళనుండి సుమారు 14కు దిగజారింది. చివరకు బయటినుంచి పంపవలసివచ్చింది. సారవంతమైన మట్టిలోని సూక్ష్మజీవులు ఆమ్లజనిని వాడుకొని బొగ్గుపులుసు వాయువును వదలగా, దానిని సిమెంటు కాంక్రీటు పీల్చుకున్నది. అందువల్ల మొక్కలు దానిని తిరిగి ఆమ్లజనిగా మార్చలేకపోయాయి. గోడ కూడ ఊపిరి లెక్కలోనిదేనని అప్పుడు తెలిసింది.

చైనావారి 'యువెగాంగ్-1' ఇంతకన్న జాగ్రత్తగా నడిచింది. 2017-18లో 370 రోజులు బృందాలు మారుతూ నివసించగా, పదార్థంలో నూటికి 98 పాళ్ళు తిరిగి వాడుకలోకి వచ్చినట్లు ప్రకటించారు. ఇది గొప్ప ఫలితం. కాని అది బీజింగులో, మన గాలి ఒత్తిడి నడుమనే నిలిచిన ఇల్లు. శూన్యంలోకి కారిపోయే ప్రమాదం దానికి లేదు. 2022లో అమెరికాలో అపోలో యాత్రికులు తెచ్చిన మట్టిలో ఆవజాతి చిన్న మొక్కలు మొలిచాయి. 'చంద్రుని మట్టిలో సేద్యం' అని సంబరపడ్డాము. వాటికి పోషక ద్రావణం శాస్త్రజ్ఞులే పోశారన్న మాట మరచిపోయాము. అయినా ఆ మొక్కలు కుంటుతూనే పెరిగాయి.

ఇది నిరుత్సాహపరచడానికి చెప్పినది కాదు. చంద్రునిపై నివాసం సాధ్యమే. మొదటి దశలో అది స్వయంపోషకం కాజాలదు. భూమినుంచి వచ్చే సరుకును క్రమంగా తగ్గించుకొనే ఇల్లు అవుతుంది. ఇంత పచ్చని మన డెల్టాయే బయటి యూరియా బస్తా లేకుండా నేటి పంటలు పండించలేకున్నది! కాబట్టి ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఈసారి విద్యార్థి గుమ్మటం కట్టి తెచ్చినప్పుడు, దానిపక్కన ఒక కాగితం కూడ పెట్టమనండి. లోపలికి వచ్చేది ఎంత, తిరిగి వాడేది ఎంత, పోయేది ఎంత అని మూడు వరుసలు చాలు. మార్కులు ముందుగా ఆ కాగితానికి వేయండి, గుమ్మటానికి తరువాత.