బండ మీద బాణం గుర్తు

250 కోట్ల ఏళ్ల బండ మీద ఎవరో తెల్ల ఆయిల్ పెయింటుతో బాణం గుర్తు వేసి, పక్కన ‘ఇక్కడే’ అని రాశారు. ఆదివారం నుంచి ఆ బాణం నా మనసులోంచి పోవడం లేదు. సున్నమైతే రెండు వానలకు కొట్టుకుపోయేది. ఆయిల్ పెయింటు పోదు. వైర్ బ్రష్‌తో గీకుదామంటే, రాతి మీద ఏళ్లకేళ్లుగా పట్టిన బూడిదరంగు పెచ్చు కూడా దాంతోపాటే లేచి వస్తుంది. ఆ పెచ్చుకు ప్రాణముంది.

హైదరాబాదులోని ఖాజాగూడ గుట్టల మాట ఇది. ఏ వైపు, ఏ బండ అన్నది రాయను. రాస్తే వెనక వచ్చేవాళ్ల ఆట పాడవుతుంది. ఈ శీర్షికను మొదటినుంచీ చదివేవాళ్లకు మా స్నేహితురాళ్ల జియోక్యాషింగ్ సంగతి తెలుసు. తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. మూత గట్టిగా బిగిసే డబ్బాలో ఓ చిన్న నోటు పుస్తకం పెట్టి, ఎవరో ఒకరు దాన్ని ఊళ్లోనో గుట్ట మీదో దాస్తారు. ఆ చోటు అక్షాంశ రేఖాంశాలను యాప్‌లో పెడతారు. మిగతావాళ్లు వెతికి పట్టుకుని, పుస్తకంలో పేరూ తేదీ రాసి, డబ్బాను ఎక్కడిది అక్కడే పెట్టి వస్తారు. లోపల గోళీయో, నాణెమో, కీచైనో ఉంటే ఒకటి తీసుకోవచ్చు, దానికి తగ్గది ఇంకొకటి పెట్టాలి. తినేవి మాత్రం పెట్టకూడదు, చీమలూ ఎలుకలూ చేరతాయి.

మార్గశిరంలో మాట్లాడ పొద్దుండదంటారు. అందుకే ఎనిమిది కొట్టేసరికి గుట్ట కింద ఉన్నాం. డిగ్రీ నాటి స్నేహితురాళ్లు ఇద్దరు, నేను, మా అన్నయ్య కూతురు. స్నేహితురాళ్లలో ఒకరికి మోకాళ్ల నొప్పులు, ఇంకొకామె ఇప్పటికీ మేకపిల్ల ఎక్కే చోటికల్లా ఎక్కుతుంది. ఫ్లాస్కులో టీ, స్టీలు డబ్బాలో సర్వపిండి, చెత్త ఏరడానికి ఓ గోనెసంచి. గుట్టకు వెళ్లినప్పుడల్లా తెచ్చినదానికన్నా ఎక్కువ కిందికి మోసుకు రావాలన్నది ఈ ఆటలో 2002 నుంచీ ఉన్న ఆచారం. ఆ ఉదయం సంచి సగం నిండింది, అన్నీ బీరు సీసాలూ చిప్స్ కవర్లే.

చలికాలపు ఎండ ఏటవాలుగా పడితే ఈ బండలు ఎలా పుట్టాయో కంటికి కనపడుతుంది. నేల అడుగున గట్టిపడిన గ్రానైటు పైనున్న మన్నంతా కొట్టుకుపోయి బయటపడింది. పగుళ్లలోకి నీరు దిగి, మూలలు అరిగి, ఉల్లిపాయ పొరల్లా ఒక్కో పొరా ఊడిపోతూ గుండ్రాలయ్యాయి. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి పెట్టారనిపించేవి కూడా అలా మిగిలినవే. ఈ బండల్ని పేల్చి కంకర చేయడం మీద నేను రాసినవన్నీ చదివిన పాఠకులకు ఆ బాణం చూసి నాకెంత మండిందో వేరే చెప్పక్కర్లేదు.

నా ఇంకో పాత గొడవ కూడా మీకు తెలుసు. ‘లొకేషన్ పంపించు’ అనే మాట నాకు గిట్టదు. వేపచెట్టు దాటాక కుడిచేతి వైపు, పిండిమర ఎదురు సందు అని దారి చెప్పే నోళ్లు మూతబడ్డాయని నా బాధ. అలాంటిదాన్ని ఉపగ్రహాల మీద ఆధారపడే ఆటను ఎందుకు ఇంత ఇష్టపడుతున్నావని అడుగుతుంటారు. ఈ ఆటలో ఫోను చివరిదాకా తీసుకెళ్లదు, అందుకే ఇష్టం. 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు తమ గడియారం సమయాన్ని పంపుతూ ఉంటాయి, కనీసం నాలుగింటి సంకేతాలు అందితే మనమెక్కడున్నామో ఫోను లెక్కగడుతుంది. 2013లో మన శ్రీహరికోట నుంచి ఎగరడం మొదలుపెట్టిన నావిక్ ఉపగ్రహాల సంకేతాన్ని కూడా ఇప్పుడు కొన్ని ఫోన్లు అందుకుంటున్నాయి. ఎన్ని అందినా ఆరుబయట నాలుగైదు మీటర్ల తేడా మామూలే. పెద్ద బండల మధ్యకు వెళితే సంకేతం రాళ్లకు తగిలి తిరిగొస్తుంది, తెర మీద సూది ఎటు పడితే అటు తిరుగుతుంది. అక్కడ ఫోను జేబులో పెట్టేసి, కళ్లకూ చేతులకూ పని చెప్పాలి.

ఒకప్పుడు ఆ తేడా వంద మీటర్లు ఉండేది. అమెరికా సైన్యం మామూలు జనానికి అందే సంకేతాన్ని కావాలనే మసకబార్చేది. 2000 మే 2న ఆ మసక తీసేశారు. మర్నాడే ఒరెగన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే ఆయన అడవిలో ఓ నల్ల ప్లాస్టిక్ బకెట్ పెట్టి, అందులో పుస్తకాలూ, వీడియో క్యాసెట్లూ, ఓ ఉండేలూ, చిక్కుడు గింజల టిన్నూ వేసి, చోటు అంకెలు అందరికీ చెప్పేశాడు. మైక్ టీగ్ దాన్ని మొదట పట్టుకున్నాడు. ఆట అలా మొదలైంది. ఆ బకెట్ సగం మట్టిలో పాతి ఉండేది, ఇప్పటి నియమాల ప్రకారం స్థలం యజమాని అనుమతి లేకుండా డబ్బాను పాతిపెట్టడం నిషిద్ధం.

అయినా, ఇది అమెరికాలో పుట్టిన ఆట అంటే ఒప్పుకోవడానికి నాకు మనసు రాదు. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో వేసవి సెలవులంతా ఉప్పుకుప్పలు ఆడేవాళ్లం. రెండు జట్లు. ఒక జట్టు గోడవైపు తిరిగి కళ్లు మూసుకుంటే, రెండో జట్టు గౌను ఒడిలోనో చొక్కా కొంగులోనో ఇంత మన్ను పోసుకుని ఇంటి చుట్టూ పరిగెత్తి, చిటికెడు చిటికెడు కుప్పలు పెట్టి వచ్చేది. రోటి వెనక, బండి చక్రం కింద, గోడ గూట్లో, తులసికోట అంచున, నీళ్ల గాబు పక్కన. ఆ తర్వాత వెతుకులాట. దొరికిన కుప్పనల్లా అరచేత్తో చెరిపేయాలి. వెతికి వెతికి ‘ఓడిపోయాం’ అన్నాక, పెట్టినవాళ్లు మిగిలిన కుప్పలు ఒక్కొక్కటే చూపించి లెక్కపెట్టుకోవాలి. పెట్టిన చోటు మరిచిపోతే ఆ కుప్ప లెక్కలోకి రాదు. గాలికి ఎగిరిపోయినా, కోడి కెలికినా రాదు. దాచడమే కాదు, దాచినదాన్ని గుర్తు పెట్టుకుని, మధ్యమధ్యలో ఓరకంట కనిపెట్టుకుని ఉండటం కూడా ఆటే.

మా పెద్దమ్మ కూతురు అక్క ఆ విద్యలో అందెవేసిన చెయ్యి. ఓసారి గడప మీద, పసుపు రాసి బొట్లు పెట్టిన చోటే, ఓ మూలకి చిటికెడు మన్ను పెట్టింది. మేమంతా ఆ గడప దాటుకుంటూ లోపలికీ బయటికీ తిరిగాం. ఒక్కరికీ కనపడలేదు. చివరికి అక్క వేలు పెట్టి చూపించినప్పుడు ఓడిపోయామన్న ఉక్రోషం కూడా రాలేదు, అందరం గడప చుట్టూ చేరి ఆ మన్నునే చూస్తూ ఉండిపోయాం. మా జట్టులో ఒక కుర్రాడు మాత్రం రేగు కంపలోనూ పిడకల గూటి లోపలా పెట్టేవాడు. చేతులు గీరుకుపోయి ఎవరో ఒకరు ఏడుపు లంకించుకుంటే అమ్మమ్మ బయటికొచ్చి తీర్పు చెప్పేది. “ముల్లు గుచ్చుకునే చోట పెట్టిన కుప్ప కుప్పే కాదురా. లెక్కలోంచి తీసెయ్యండి.” మా కుప్పలు పోతున్నాయని నాకు ఒళ్లు మండిపోయేది. కష్టమైన చోట దాచడమే కదా ఆట అని వాదించేదాన్ని.

పెద్దయ్యాకా అదే వాదన. కష్టపెట్టి దాచినదే డబ్బా అని ఈ శీర్షికలో రాశాను. ఇనప రెయిలింగుకి అయస్కాంతంతో అంటించిన, వేలి కొస కన్నా చిన్నవైన డబ్బాలను దాచినవాళ్లకు చోటు మీద ప్రేమ లేదని కూడా రాశాను. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను.

ఆదివారం ఫోను మూడు మీటర్లని చూపించి అక్కడే తిరుగుతుంటే, బాణాన్ని మొదట మా మేనకోడలే చూసింది. “అత్తా, రాసేశారు” అంది, వెతికే అవకాశమే పోయిందని దాని మొహం చిన్నబోయింది. నేను అందుకున్నాను. దాచినవాడి విద్యకి అవమానం, రాతికి అపచారం, ఆ పెయింటు తెచ్చినవాడి చేతికి... ఇలా ఇంకా చాలా అన్నాను.

మోకాళ్ల నొప్పుల స్నేహితురాలు కింద రాయి మీద కూర్చుని అంతా విని, “బాణం వేసినవాణ్ణి అంతసేపు తిడుతున్నావు గానీ, అక్కడ పెట్టినవాణ్ణి ఏమంటావే?” అంది.

అప్పుడు బాణం మొన వైపు సరిగ్గా చూశాను. ఇద్దరు మనుషులెత్తున, నున్నటి వాలుబండ పైన ఓ పగులు. వాలు మీద చెప్పులు జారిన నల్లటి చారలు. మొదట్లో ఉన్న సీతాఫలం పొదకు కొమ్మలన్నీ ఒకవైపే విరిగి ఉన్నాయి, పట్టుకోవడానికి అదొక్కటే ఆధారం మరి. యాప్‌లో ప్రతి డబ్బాకూ రెండు అంకెలుంటాయి. వెతకడం ఎంత కష్టమో ఒకటి చెబుతుంది, నేల ఎలాంటిదో రెండోది చెబుతుంది. రెండూ ఒకటి నుంచి అయిదు దాకా. ఇక్కడ నేలకు రెండు వేశారు. నా లెక్కలో నాలుగుకు తక్కువ కాదు. రెండు చూసి పిల్లలతో వచ్చినవాళ్లు ఈ వాలు మీద ఎక్కుతారు, జారుతారు. అలా జారినవాళ్లలో ఎవరో ఒకరు, వెనకవాళ్లు అన్ని బండలూ ఎక్కి చూడకుండా, పెయింటు తెచ్చి ఉండొచ్చు. ఆ బాణాన్ని క్షమించలేను, అది ఎందుకు పుట్టిందో మాత్రం తెలిసింది.

ఎక్కగలిగిన స్నేహితురాలు వెనకవైపు నుంచి తిరిగి వెళ్లి డబ్బా దించింది. నాలుగు క్లిప్పుల్లో ఒకటి విరిగింది. జిప్ కవర్‌లో వాన నీళ్లు. పుస్తకం ముద్దయింది, పెన్నుతో రాసిన పేర్లన్నీ ఒకే నీలపు మరకలో కలిసిపోయాయి, పెన్సిలుతో రాసినవి మాత్రం ఇంకా చదవడానికి వచ్చాయి. దాచినవాళ్లు మళ్లీ ఇటువైపు వచ్చిన జాడ లేదు. కొత్త కవర్, నాలుగు పొడి కాగితాలు పెట్టి, మరమ్మతు కావాలని, నేల అంకె మార్చాలని యాప్‌లో రాశాం.

రెండో డబ్బా కాలిబాట పక్కనే. బండ చీలికలోంచి జువ్వి వేళ్లు దిగిన చోట మూడు చిన్న రాళ్లు, ప్రకృతి ఎన్నడూ పెట్టని వరసలో పేర్చి ఉన్నాయి. టీ తాగడానికి కూర్చున్న చోటునుంచే మోకాళ్ల స్నేహితురాలికి అవి కనపడ్డాయి. ఎవరినీ పిలవకుండా తనే వంగి రాళ్లు తీసింది. పుస్తకం పొడిగా ఉంది, పెన్సిలు కొత్తగా చెక్కి ఉంది, దాచినావిడ కిందటి నెలలో వచ్చి చూసి వెళ్లినట్టు సంతకం ఉంది. అక్కడ కూర్చుంటే ఎడమన గుట్టంతా, కుడిన అద్దాల మేడలు. ఆ చోటు చూపించాలనే డబ్బా అక్కడ పెట్టారు. వెతకడం కష్టమా అంటే, కాదు. అయినా ఆ రోజంతటికీ మేం ఎక్కువసేపు కూర్చున్నది అక్కడే.

కష్టమంతా దాచడంలోనే ఉండాలన్న నా పాత వాదన అక్కడ వదిలేశాను. ఇంగ్లండులోని డార్ట్‌మూర్‌లో 1854లో జేమ్స్ పెరట్ అనే దారిచూపే ఆయన, క్రాన్మియర్ పూల్ అనే బురదనేలలో ఓ గాజు సీసా పెట్టాడు. అక్కడిదాకా నడిచి వచ్చినవాళ్లు తమ పేరు కార్డు అందులో వేసి వెళ్లేవారు. ఆయన సీసాను ఎవరికీ కనపడకుండా దాచలేదు. నడకే కష్టం, సీసా చేరినవాళ్ల కోసం. ఇప్పుడు ఆ ప్రాంతమంతటా అలాంటి పెట్టెలు వేలల్లో ఉన్నాయి. మా అక్క గడప మీది కుప్పా అంతే. అది కళ్లెదుటే ఉంది, ఎవరి చెయ్యీ గీరుకోలేదు. అమ్మమ్మ తీర్పుతో అప్పుడు గొడవపడ్డాను గానీ, ఇప్పుడు నేనైతే ఆ వాలుబండ మీది డబ్బాను లెక్కలోంచి తీసేస్తాను.

జియోక్యాషింగ్ నియమాల్లో, నేలకు ఒకటి అంకె వేయాలంటే చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లు కూడా డబ్బా దాకా చేరగలగాలి. మన ఊళ్లో అలాంటి డబ్బా నాకైతే ఎక్కడా ఎదురు కాలేదు. మా కాలనీ పార్కులో ఒకటి పెట్టాలని టీ తాగుతూనే నిర్ణయించుకున్నాం. దగ్గర్లో ఇంకో డబ్బా ఉంటే 161 మీటర్ల దూరం పాటించాలి, లేదని చూసుకున్నాం. పార్కు ఆఫీసులో అనుమతి కోసం కాగితం ఇచ్చాం. ర్యాంపు పక్కన, కుర్చీలో కూర్చున్న మనిషి చెయ్యి అందే ఎత్తులో చోటు చూసే బాధ్యత మోకాళ్ల స్నేహితురాలు తీసుకుంది. ఆధారం రాయడం, పెన్సిలు చెక్కడం మేనకోడలి పని. నెలనెలా వెళ్లి పుస్తకం తడిసిందో లేదో చూసి రావడం నాది.