కబురు వెంట హిస్సా

చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లో మంచి కబురు ఉత్త చేతులతో గడప దాటదు. పాస్‌పోర్టు ఇంటికొచ్చినా, పిల్లవాడు ఇంటర్ గట్టెక్కినా, ఏళ్ల తరబడి సాగిన కోర్టు కేసు తేలినా పావు కిలో మిఠాయి తెచ్చి నాలుగిళ్లకు పంచుతారు. ఒక్కో ఇంటికి వెళ్లే వాటాను హిస్సా అంటారు. ముందు 'మూ మీఠా కరో' అని నోరు తీపి చేస్తారు, తర్వాతే సంగతి చెబుతారు. తీపి నోట్లో పడకముందే కబురు బయటపెట్టేసిన వాళ్లను ఇంటి పెద్దావిడ మందలిస్తుంది కూడా.

పెద్ద సందర్భాలకు పద్ధతి ఏనాడో స్థిరపడింది. ముస్లిం ఇళ్లలో బిడ్డ పుట్టిన ఏడో రోజు అకీకా చేసి మాంసం పంచుతారు. నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండిన పిల్లలకు బిస్మిల్లా చదివించి లడ్డూలు పెడతారు. మొదటిసారి ఉపవాసం ఉన్న పిల్లవాడికి పూలదండ వేసి రోజా కుషాయీ చేస్తారు. బక్రీద్ మాంసాన్ని మూడు వాటాలు వేసి ఒకటి ఇంటికి ఉంచుకుని, ఒకటి బంధుమిత్రులకు, ఒకటి పేదలకు ఇస్తారు. లాల్‌దర్వాజా, ఉప్పుగూడ, గౌలిపురా వైపు తెలుగు ఇళ్లకూ తమ పద్ధతులున్నాయి. సద్దుల బతుకమ్మ రాత్రి బతుకమ్మను నీళ్లలో సాగనంపాక ఆడవాళ్లు కూర్చుని నువ్వుల పొడి, పల్లీల పొడి ఒకరికొకరు పెట్టుకుంటారు. దసరా సాయంత్రం జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకుంటారు. వీటికి తేదీ ఉంది, తంతు ఉంది, పిలుపులు ఉన్నాయి. చిన్న మంచికి ఇవేవీ లేవు. అది ఏ మంగళవారం మధ్యాహ్నమో చెప్పాపెట్టకుండా వస్తుంది. దాన్ని నలుగురికీ చేర్చే పని అలవాటు మీదే నడుస్తుంది కాబట్టి ఆ అలవాటు కట్టుబాట్లు కాస్త సూక్ష్మంగా ఉంటాయి.

మొదటిది కొలత. జెద్దాలో ఉన్న కొడుక్కి ఇకామా (నివాస అనుమతి) రెన్యూవల్ అయిందంటే పావు కిలో కలాకండ్ చాలు. తప్పిపోయిన మేక రాత్రికి దానంతట అదే ఇల్లు చేరిందంటే పక్కింటికి రెండు గ్లాసుల చాయ్ పంపినా సరిపోతుంది. సంగతి చిన్నదై మిఠాయి డబ్బా పెద్దదైతే అవతలివాళ్లకు అనుమానం వస్తుంది: ఏదో దాస్తున్నారనో, గొప్పలు పోతున్నారనో. సంగతి పెద్దదై తీపి తక్కువైతే పిసినారి పేరు వస్తుంది. పాతబస్తీ ఆడవాళ్లు ఈ లెక్కను నోటితోనే కట్టేస్తారు. ఏ ఇంటికి ఎన్ని ముక్కలు, ఎవరికి ముందు, ఎవరింట్లో షుగర్ రోగి ఉన్నారు కాబట్టి తీపికి బదులు ఖీమా లుఖ్మీ పంపాలి, అన్నీ తేలాకే పళ్లెం కదులుతుంది.

పాత ఇళ్లలో ఆ పళ్లేన్ని ఖ్వాన్ అనీ, దాని మీద కప్పే బట్టను ఖ్వాన్‌పోష్ అనీ అంటారు. పెళ్లి ఖ్వాన్‌పోష్ అయితే జరీతో మెరుస్తుంది. రోజువారీ పళ్లెం మీద క్రోషియా అల్లిన తెల్ల గుడ్డో, ఉతికిన చేతిరుమాలో ఉంటుంది. మోసుకెళ్లేది ఇంట్లో చిన్నపిల్ల. తలుపు కొట్టి, 'ఖాలా, అమ్మీ ఇచ్చి రమ్మంది' అని పళ్లెం చేతికందించి, కబురు ఒక్క ముక్కలో అప్పజెప్పి, పళ్లెం కోసం గడప దగ్గరే నిలబడుతుంది. ఎక్కువ మాట్లాడొద్దని ఇంట్లో ముందే చెప్పి పంపుతారు. పెద్దలే వెళ్తే అవతలివాళ్లు కూర్చోబెట్టాలి, మర్యాద చేయాలి, వంట మధ్యలో ఆపాలి. పిల్లను పంపితే ఆ బరువు ఉండదు.

మాంసం ముట్టని ఇళ్ల సంగతి వేరే చూస్తారు. రంజాన్ పండగనాడు షీర్ ఖుర్మా వండి పంపితే ఏ గిన్నెలో వండారోనన్న సంకోచం కొందరికి ఉంటుంది. అందుకని సన్న సేమియా, చక్కెర, బాదం, ఎండు ఖర్జూరం విడివిడిగా పొట్లాలు కట్టి పంపే ఇళ్లున్నాయి. తెలుగు ఇంటావిడ తన పొయ్యి మీద తనే వండుకుంటుంది. పట్టింపును తప్పుపట్టకుండా పక్కకు తప్పించే ఈ ఏర్పాటు ఎవరి ఉపన్యాసంలోంచీ పుట్టలేదు. వంటింటి తెలివి అది.

హిస్సా అందుకున్నవాళ్లకూ పని ఉంది. ముక్క నోట్లో వేసుకోవాలి. 'తర్వాత తింటాం' అని అల్మారాలో పెట్టేయడం మర్యాద కాదు. 'మాషా అల్లా' అనో, 'చల్లగుండాలె' అనో అనాలి. ఆ తర్వాత అడగాలి: ఎట్ల అయింది, ఎవరు చెప్పిండ్రు, ఎన్నింటికి తెలిసింది? ఈ అడగడమే అసలు మర్యాద. అమెరికాలో షెల్లీ గేబుల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తోటి పరిశోధకులతో కలిసి 2004లో అచ్చువేసిన అధ్యయనం ఇదే సంగతిని డైరీల సాయంతో పరిశీలించింది. తమకు జరిగిన మంచిని ఎవరికైనా చెప్పుకున్న రోజున మనుషులకు, ఆ మంచి ఇచ్చిన సంతోషానికి మించి ఇంకొంత ఉల్లాసం కలిగినట్టు తేలింది. విన్నవాళ్లు స్పందించే తీరును వాళ్లు నాలుగు రకాలుగా విడగొట్టారు: ఉత్సాహంగా ఆరా తీయడం, ముక్తసరిగా మెచ్చుకోవడం, పట్టించుకోకపోవడం, అందులోని లోటు ఎత్తిచూపడం. దగ్గరివాళ్ల మధ్య బంధానికి మేలు చేసేది మొదటిదేనని వాళ్లు చూపించారు. 'మంచిదే, కానీ ఆ కాలేజీకి బస్సు లేదు కదా' అనే పక్కింటి పెద్దమనిషి నాలుగో రకం. ఆయన ప్రతి గల్లీలోనూ ఉంటాడు. హిస్సా మాత్రం ఆయనకూ వెళ్తుంది.

పళ్లెం ఖాళీగా తిరిగి రాదు. ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెరో, రెండు అరటిపళ్లో, నాలుగు కరివేపాకు రెబ్బలో పడతాయి. ఇచ్చినదానికి బదులుగా సమానమైనదే పెడితే బేరం తెగ్గొట్టినట్టవుతుంది కాబట్టి, కావాలనే తక్కువది పెడతారు. అసలు బదులు ఆ ఇంట్లో మంచి జరిగిన రోజుకు బాకీ ఉంటుంది.

మంచిని చెప్పుకోవడానికి అడ్డుపడేది దిష్టి భయం. పాతబస్తీలో దాన్ని నజర్ అంటారు. నాలుగో నెల దాకా కడుపు పండిన సంగతి దాచే కోడళ్లు, అడ్వాన్సు ఇచ్చినా రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఇంటి బేరం బయటపెట్టని మగవాళ్లు రెండు మతాల్లోనూ ఉన్నారు. దాచడం, పంచడం ఒకదానికొకటి ఎదురు వెళ్తున్నట్టు కనిపిస్తాయి గానీ రెండూ ఒకే భయంలోంచి వచ్చినవే. విన్నవాడి కడుపు మండకూడదు. పని పూర్తికాకముందు మాట దాచి ఆ మంటను తప్పించుకుంటారు. పూర్తయ్యాక మాత్రం దాస్తే ఎలాగూ తెలుస్తుంది, అప్పుడు మంట రెట్టింపవుతుంది. అందుకే ఆ మంచిలో ఒక ముక్కను అవతలివాడి నోట్లో పెట్టేస్తారు. తన వాటా తిన్నవాడు ఆ సంతోషానికి కాస్త సొంతదారు. పావు కిలో మిఠాయి చేసే పని ఇదేనన్నది ఈ కాలమ్ అభిప్రాయం. పుణ్యం, ఆచారం, మర్యాద అన్నవి దీని తర్వాత చేరిన పేర్లు కావచ్చు.

మగవాళ్ల లోకంలో మిఠాయి పని చాయ్ చేస్తుంది. మక్కా మసీదు, చార్మినార్ రెండూ కనిపించే చోట 1993 నుంచి నడుస్తున్న నిమ్రా కేఫ్ బయట, పొద్దున నిలబడి తాగేవాళ్ల గుంపులో ఎవరో ఒకరు అందరి డబ్బులూ తనే ఇస్తానని పట్టుబడితే, ఏదో మంచి జరిగిందని మిగతావాళ్లు పసిగడతారు. ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచేలోపు సంగతి బయటికొస్తుంది. లాడ్ బజార్‌లో పెళ్లి గాజుల పెద్ద బేరం కుదిరిన రోజున కొట్టువాడు పక్క కొట్లకూ చాయ్ చెబుతాడు. కుర్రాడు తీగ స్టాండులో గ్లాసులు పెట్టుకొచ్చి ఒక్కో గల్లా పెట్టె మీద ఒక్కోటి దించి వెళ్తాడు. ఎవరూ కారణం అడగరు. పోటీదారు లాభం ఎంతో అడగడం మొరటుతనం కాబట్టి ఇక్కడ ఆరా తీసే మర్యాద చెల్లదు. రాత్రయితే కబుర్లన్నీ ఇంటి ముందరి అరుగు మీదికి, అంటే చబూత్రా మీదికి చేరతాయి. అర్ధరాత్రి దాటాక అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లను స్టేషన్‌కు తీసుకెళ్లి కౌన్సెలింగ్ ఇచ్చే కార్యక్రమానికి హైదరాబాద్ పోలీసులు ఆ అరుగు పేరే పెట్టారు. పేరు చెడింది గానీ అరుగులు పూర్తిగా ఖాళీ కాలేదు.

ముఖం తెలియని వాళ్లకు పంచే పద్ధతి కూడా ఉంది. మొక్కు తీరితే దర్గా దగ్గర నియాజ్ పెట్టి వచ్చినవాళ్లందరికీ వడ్డిస్తారు. మొహర్రంలో డబీర్‌పురా బీబీ కా ఆలం అనే పీరుకు ధట్టీ గుడ్డ సమర్పించేవాళ్లలో హిందువులూ ఉంటారు. అక్కడ షర్బత్ తాగేవాడికి ఎవరి మొక్కు తీరిందో తెలియదు, తెలియనక్కర్లేదు.

అపార్ట్‌మెంట్లు, మిఠాయి దుకాణాల అట్టడబ్బాలు వచ్చాక ఈ ఏర్పాటులో ఒక చక్రం ఊడిపోయింది. అట్టడబ్బాను ఎవరూ తిరిగివ్వరు, దాంతో ఆ నాలుగు కరివేపాకు రెబ్బల రాకపోకలు ఆగాయి. ఫోన్‌లో పంపే లడ్డూ బొమ్మ కబురు చేరవేస్తుంది గానీ హిస్సా చేరవేయదు. బదులుగా పువ్వు బొమ్మ వస్తుంది, ఎట్ల అయిందని ఎవరూ అడగరు. అయినా రంజాన్ సాయంత్రాల్లో, ఇఫ్తార్‌కు పావుగంట ముందు, గల్లీల్లో గుడ్డ కప్పిన పళ్లేలతో పిల్లలు ఇప్పటికీ పరుగెడుతుంటారు.

చావు జరిగిన ఇంటికి మాత్రం మిఠాయి వెళ్లదు. ముస్లిం ఇంట్లో నలభయ్యో నాటి చెహ్లుం దాటేదాకా చాలామంది చుట్టుపక్కల వాళ్లు తమ సంతోషాన్ని ఆ గడప ముందు ఎత్తరు, పెళ్లి బాజా కూడా ఆ గల్లీ మొదట్లో ఆపేస్తారు. తెలుగు ఇళ్లలో ఏటి సూతకం ఉంటే ఆ ఏడు పండగ చేయరు, పొయ్యి మీద నూనె మూకుడు పెట్టరు. అప్పుడు పక్కిళ్ల వాళ్లే అరిసెలో సకినాలో చేసి, కబురేమీ చెప్పకుండా, పిల్లల కోసమని ఇచ్చిపోతారు.