పండక్కి ఆ పెట్టను తీసేయకండి

పోలి పాడ్యమి వెళ్లిన మర్నాటి నుంచి మా గోదావరి పల్లెల్లో కోళ్లున్న ఆడవాళ్లందరిదీ ఒకటే మాట: పెట్టలు గుడ్లు మానేశాయి. నిజానికి చాలావరకు అవి మానేసి అప్పటికే కొన్ని వారాలై ఉంటుంది. కార్తీకంలో ఎన్నో ఇళ్లలో నీచు ముట్టరు కాబట్టి, గూట్లో గుడ్డుందో లేదో చూసే పనే పెట్టుకోరు. మార్గశిరం వచ్చాక పిల్లాడికి అట్టు వేద్దామని చెయ్యి పెడితే గూడు ఖాళీ. ముంగిస తినేసిందా, జబ్బు చేసిందా, ఎవరి కన్నైనా పడిందా అని అనుమానాలు మొదలవుతాయి. పుష్యం నాటికి అనుమానం పోయి నిర్ణయం వస్తుంది. పెట్టని కోడికి మేత దండగ, సంక్రాంతికి నాటుకోడికి మంచి ధర పలుకుతుంది, కనుమకి అల్లుడు కూడా వస్తున్నాడు, తీసేద్దాం.

ఈ వారం ఆ నిర్ణయం గురించి రాయాలనిపించింది. ఎందుకంటే అలా తీసేసే పెట్టల్లో చాలాసార్లు మందలోకెల్లా మంచి పెట్టే ఉంటుంది.

అందరూ చలి మీద నెపం వేస్తారు. లంబసింగి, చింతపల్లి వైపు ఆ మాట కొంత నిజం. అక్కడ రాత్రిపూట ఉష్ణోగ్రత ఒంటి అంకెకు పడిపోతుంది. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల దాకా ఉంటుంది కాబట్టి, దాన్ని నిలబెట్టుకోవడానికే తిన్న మేతలో పెద్ద వాటా ఖర్చయిపోతుంది. మా డెల్టాలో ఆ చలి ఎక్కడిది? మనం దుప్పటి కప్పుకునే రాత్రి కోడికి హాయిగా ఉంటుంది. దానికి అసలు బాధ మే నెల ఎండతోనే. మరి ధనుర్మాసంలో గుడ్లెందుకు మానేస్తుంది?

పగలు కురచ కావడం మొదటి కారణం. కోడి వెలుగును కంటితో మాత్రమే లెక్కపెట్టదు. పుర్రె ఎముక పల్చన కాబట్టి వెలుగు దాన్ని దాటి మెదడు లోపలి దాకా వెళుతుంది. అక్కడ వెలుగును పసిగట్టే కణాలున్నాయి. 1930లలో ఫ్రాన్స్‌లో జాక్ బెన్వా అనే శాస్త్రవేత్త బాతుల మీద ఈ సంగతి తేల్చాడు. కళ్లకు వెలుగు చేరకుండా చేసినా, పగటి వెలుగు పొడవు పెరిగితే మగబాతుల్లో సంతాన గ్రంథులు ఎదిగాయి. కోడిలోనూ ఇదే దారి. పగలు సాగుతుంటే మెదడు అడుగునున్న గ్రంథి హార్మోన్లు వదులుతుంది, అండాశయంలో సొనలు పెరగడం మొదలవుతుంది. పగలు కుదించుకుపోతుంటే ఆ సంకేతం సన్నగిల్లుతుంది. అడవికోడి నాటి నుంచి వచ్చిన ఏర్పాటు ఇది. పిల్లలకు తిండి దొరికే కాలం ఏదో వెలుగును బట్టే తెలుసుకునేది ఆ పక్షి.

ఇక గుడ్డు తయారీకి పట్టే సమయం. సొన జారిన దగ్గర్నుంచి గుడ్డు బయటకు రావడానికి 25, 26 గంటలు పడుతుంది. అందులో 20 గంటల దాకా ఒక్క పెంకుకే పోతాయి. రోజుకేమో 24 గంటలే. అందుకే ఇవాళ పొద్దున్నే పెట్టిన కోడి రేపు ఇంకాస్త ఆలస్యంగా, ఎల్లుండి ఇంకా ఆలస్యంగా పెడుతుంది. అలా మధ్యాహ్నం దాటిపోయాక ఓ రోజు ఆపి, మళ్లీ పొద్దున్నే మొదలుపెడుతుంది. పగలు తగ్గేకొద్దీ ఈ విరామాలు పెరుగుతాయి.

అయితే మన దగ్గర పగలు అంత ఘోరంగా తగ్గదు. డిసెంబరు 21 ప్రాంతంలో కూడా మనకు 11 గంటల పైచిలుకు పగలుంటుంది. జూన్‌లో 13 గంటలు దాటుతుంది. తేడా రెండు గంటలు. న్యూజెర్సీలో పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకునే మనవాళ్లకైతే డిసెంబరులో 9 గంటల చిల్లర, జూన్‌లో 15 గంటలు. వాళ్ల గూళ్లు రెండు మూడు నెలలు పూర్తిగా ఖాళీగా ఉన్నాయంటే వెలుగే ప్రధాన కారణమని చెప్పొచ్చు. మన దగ్గర వెలుగు ఒక్కటే ఇంత పని చేయదు. దానికి తోడు ఈకలు రాలతాయి.

ఏడాది దాటిన పెట్ట, వానలు వెనకపట్టి పగలు తగ్గుతుండగా, పాత ఈకలు వదిలేసి కొత్తవి తొడుక్కుంటుంది. మెడ దగ్గర మొదలై రొమ్ము, వీపు, రెక్కలు, తోక దాకా వస్తుంది. ఈకలో నూటికి 85 పాళ్లకు పైగా మాంసకృత్తులే. గుడ్డుకూ కావలసింది అవే. రెండింటికీ సరిపడా ఒంట్లో ఉండదు కనుక కోడి గుడ్డు ఆపేసి ఈక పని చూసుకుంటుంది. అండాశయం కుంచించుకుపోతుంది, ఎర్రటి జుట్టు పాలిపోతుంది. చూసేవాళ్లకు అది రోగిష్టి కోడిలా కనపడుతుంది. మనం పెరట్లో దాన్ని చూసి పనిలేకుండా తింటోందనుకునే ఆ రోజుల్లో అది ఒళ్లంతా కొత్తగా కట్టుకుంటోంది.

పోయిన వారం మా వీధి చివరి పిన్ని అలాంటి పెట్టనే చంకన పెట్టుకుని వచ్చింది. మెడ మీద ఈకల్లేవు, తోక మొండి.

“దీని అవతారం చూడవే అమ్మాయ్. గుడ్డు పెట్టి ఎన్నాళ్లయిందో! పండక్కి ఇచ్చేద్దామనుకుంటున్నాను.”

“ఈకలు ఎప్పుడు రాలడం మొదలైంది పిన్నీ?”

“కార్తీకం చివర్లో. ఆ నల్లదైతే దసరాలకే మొదలెట్టింది, ఇంకా అవ్వలేదు.”

ఆ ఒక్క మాటలోనే సంగతంతా ఉంది. పెట్టను ఒళ్లో పెట్టుకుని రెక్క విప్పి చూశాం. రెక్క చివర పది పెద్ద ఈకలుంటాయి, వాటి లోపలి వైపు ఒక పొట్టి ఈక, ఆ తర్వాత రెండో వరస. ఆ పదీ పొట్టి ఈక పక్కనున్నదాని నుంచి చివరి దాకా వరసగా రాలతాయి. నెమ్మదిగా మార్చుకునే కోడి ఒక్కొక్కటే వదులుతుంది. అందుకని దాని కొత్త ఈకలు మెట్లు మెట్లుగా వేర్వేరు పొడవుల్లో కనపడతాయి. ఈ పెట్టకు మూడు నాలుగు కొత్త ఈకలు ఒకే పొడవున, ఇంకా నీలంగా, నెత్తురు నిండిన గొట్టాలతో పొడుచుకొస్తున్నాయి. అన్నీ ఒకేసారి వదిలేసిందన్న మాట. ఆలస్యంగా మొదలుపెట్టి గబగబా ముగించే పెట్ట మంచి గుడ్ల పెట్ట. రాల్చడం మొదలయ్యే ముందు రోజు దాకా గుడ్లు పెడుతూనే ఉంటుంది కాబట్టే దానికి ఆలస్యమైంది. చిత్రంగా, డిసెంబరులో మందలోకెల్లా వికారంగా కనపడేది అదే. దసరాలకు ముందే మొదలుపెట్టి నెలల తరబడి నిగనిగలాడుతూ తిరిగేది చూడ్డానికి బాగుంటుంది కానీ ఏడాది లెక్కలో వెనకబడుతుంది. తీసేయక తప్పదంటే దాన్ని తీసేయాలి.

పిన్నికి ఇదంతా చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, పోయిన కనుమకి కోసిన పెట్ట కడుపులో కందిగింజంత నుంచి గోళీకాయంత దాకా పచ్చసొనలు వరసగా కనపడ్డాయని చెప్పింది. అలాంటివి మనలో చాలామంది చూసే ఉంటాం. సొన ఒకసారి పెరగడం అందుకుంటే వారం పది రోజుల్లో పూర్తి సైజుకొస్తుంది. అంటే ఆ పెట్ట మళ్లీ మొదలుపెట్టబోతున్న వారంలోనే పోయింది. సంక్రాంతికి మనం ఉత్తరాయణం అంటాం కానీ, పగలు పెరగడం డిసెంబరు 22 నాటికే మొదలవుతుంది. పండగ నాటికి కోడి మెదడుకు ఆ కబురు మూడు వారాలుగా అందుతూనే ఉంటుంది.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది. గుడ్డు పెట్టని నెలల్లోనే కోడికి మంచి మేత పడాలి. మన ఇళ్లలో జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. పెడుతున్నన్నాళ్లూ గుప్పెడు ఎక్కువ వేస్తాం, మానేయగానే చెయ్యి బిగిస్తాం. పైగా అది మాసూళ్ల కాలం. కళ్లాల్లో, రోడ్ల మీద ధాన్యం దండిగా రాలి ఉంటుంది. కోడి కడుపు నిండా తింటుంది కాబట్టి దానికేం లోటనుకుంటాం. ధాన్యంలో పిండిపదార్థం ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. వానాకాలంలో దొరికిన పురుగూ పుట్రా అప్పటికి తగ్గిపోతుంది. ఈక కట్టుకోవడానికి కావలసిన సరుకు సరిగ్గా కావలసిన నెలల్లోనే కరువవుతుంది.

మా జిల్లాల్లో ఆ లోటు తీర్చడం కష్టం కాదు. ఎండు రొయ్యల పొట్టు, అమ్ముడుపోని ఎండు చేపల పొడి, చేపలు కోసినప్పుడు మిగిలేవి ఉడకబెట్టి తవుడులో కలిపి పెడితే చాలు. చేపలో ఈకకు కావలసిన గంధకం ఉన్న పోషకాలు బాగా ఉంటాయి. వేరుశనగ చెక్క కూడా మంచిదే కానీ బూజు వాసన ఏమాత్రం వచ్చినా వేయొద్దు, బూజులోని విషం కోడి కాలేయాన్ని తినేస్తుంది. ఇక చెదపురుగులు. పాత కుండలో తడి పేడ, చిరిగిన గోనె ముక్క కుక్కి, చెదలున్న చోట సాయంత్రం బోర్లించి ఉంచితే మర్నాటికి పట్టేస్తాయి. పొద్దున్నే తిరగేసి కుళ్లగిస్తే పెట్టలూ పిల్లలూ ఎగబడి తింటాయి. మా అమ్మమ్మల కాలంలో ప్రతి పెరట్లో ఉన్న పని ఇది. ఎందుకు మానేశామో అని తలచుకుంటే నాకు బాధగా ఉంటుంది. కొత్త ఈకలు పొడుచుకొస్తున్నప్పుడు కోడిని ఊరికే పట్టుకోకండి. ఆ గొట్టాల్లో నెత్తురుంటుంది, నొప్పి పుడుతుంది, విరిగితే కారుతుంది.

గూట్లో బల్బు పెడితే పోదా అని అడుగుతారు. అనపర్తి, తణుకు వైపు ఫారాల్లో చేసేది అదే. తెల్లవారుజామునే లైట్లు వేసి మొత్తం వెలుగు 16 గంటలు ఉండేలా చూస్తారు. అక్కడ దానికి తగ్గ కొలిచిన దాణా ఉంటుంది, ఏడాదిన్నర దాటేసరికి చాలావరకు మందనే మార్చేస్తారు. పెరటి కోడిని మనం నాలుగేళ్లు ఉంచుకుంటాం. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ నుంచి వచ్చిన గ్రామప్రియ లాంటివి పెంచుతూ, గుడ్లు అమ్ముకునే ఇల్లయితే బల్బుకు అర్థం ఉంది. అప్పుడు కూడా రోజూ ఒకే వేళకు, తెల్లవారుజామున చిన్న ఎల్‌ఈడీ వేయాలి. సాయంత్రం వేస్తే, ఆర్పగానే కోళ్లు దండెం ఎక్కలేక చీకట్లో నేల మీదే ఉండిపోతాయి. నాలుగు రోజులు వేసి నాలుగు రోజులు మానేస్తే ఉన్న గుడ్లూ పోతాయి. ఏడాదికి యాభై అరవై పెట్టి, పన్నెండు పదిహేను గుడ్లకోసారి పొదుగుకు కూర్చునే నాటు పెట్టకు బల్బు పెట్టడం నాకు న్యాయంగా తోచదు.

గుడ్డు కనపడకపోవడానికి వేరే కారణాలూ ఉంటాయి. కొత్త గడ్డిమేటు వేసిన ఇంట్లో ముందు మేటు చుట్టూ, అడుగున చూడాలి. పెట్టకు అంతకంటే మంచి చాటు దొరకదు. జుట్టు ఎర్రగా ఉండి, తోక కిందున్న రెండు ఎముకల మధ్య రెండు మూడు వేళ్లు పడుతుంటే అది ఎక్కడో పెడుతూనే ఉందన్న మాటే. ఈకలు రాలకుండా మంద మొత్తం ఒక్కసారిగా మానేసినా, తోలుగుడ్లు వచ్చినా, ఆకుపచ్చగా పారినా, మెడ వంకర పోయినా అది కొక్కెర తెగులు కావచ్చు. వెంటనే పశువుల డాక్టరుకు చూపించాలి. ఈకల సంగతిలే అని ఊరుకోకూడదు.

చలికాలంలో కూడా గుడ్లు కావాలనుకునేవాళ్లకు నేను నమ్మే దారి ఒకటుంది. మాఘ ఫాల్గుణాల్లో వచ్చే గుడ్లు పొదుగు వేయండి. 21 రోజులకు పిల్లలవుతాయి. ముదురు ఎండలొచ్చేసరికి కాస్త ఎదుగుతాయి. కొక్కెర తెగులు రాకుండా మొదటి వారంలో లాసోటా చుక్కలు, ఎనిమిదో వారంలో టీకా తప్పకుండా వేయించండి. నాటు పెట్ట ఆరేడు నెలలకు గుడ్డుకొస్తుంది కాబట్టి దసరా నాటికి మొదలుపెడుతుంది. మొదటి ఏడు పెట్టకు సాధారణంగా ఆ చలికాలంలో ఈకలు మార్చుకునే పని ఉండదు. తల్లులు ఈకలు రాల్చుకునే వేళ పిల్లలు గూడు నింపుతాయి. పిన్ని తన పెట్టను ఇంటికి తీసుకుపోయింది. దాని గుడ్లే మాఘంలో పొదుగు వేస్తానంది. పండక్కి నల్లదాన్ని బేరం పెట్టింది.